తుపాకికి తమలపాకు బొట్టు

ఆ ఏడు దసరాకి మా ఊళ్లో తుపాకులు గుడ్డ సంచుల్లోంచి బయటికొచ్చాయి. ఎక్కడివక్కడికి తిరిగి వెళ్లాయి, మా నాన్నది తప్ప. దానికి కారణం అడవిపందులని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. పందుల మీదికి తోసేస్తే అందరికీ సుఖమే. కారణం నేను.

మలాయి దేశపు సుంగై సుమున్‌లో మాకు ఐదెకరాల పామాయిల్ తోట. పాత చెట్లు కొట్టించి ఆ సంవత్సరమే కొత్త మొక్కలు వేశాం. లేత మొక్క మొవ్వంటే పందికి పాయసంతో సమానం. ఆగస్టులో ఒక్క వారంలోనే నలభై మూడు మొక్కలు మొవ్వు లేకుండా పడి ఉన్నాయి. మా నాన్న అప్పుడు ప్రతి మొక్క దగ్గరా వంగి చేత్తో తడిమి చూశాడు. చేత్తో ఎందుకు తడుముతున్నావని ఎవరూ అడగలేదు. తెలుసు కాబట్టి నేను అసలే అడగలేదు.

నాన్నది ఒంటిగొట్టం తుపాకి, మధ్యకి విరిచి తూటా పెట్టే రకం. తోట కాపలాకని సర్కారు ఇచ్చిన లైసెన్సు ఆయన పేరున ఉంది. మా వాళ్లు లెసెన్ అంటారు. ఈ దేశంలో తుపాకి విషయంలో దయాదాక్షిణ్యాలు ఉండవు. ఎవరి పేరున లెసెన్ ఉంటే వాళ్లే ముట్టుకోవాలి, కన్నకొడుకు పట్టుకున్నా జైలే. మనిషి పోతే తుపాకి బలాయికి, అంటే పోలీసు స్టేషనుకి పోతుంది. నలభై ఏళ్లలో మా అమ్మ కూడా దాని మీద దుమ్ము తుడవలేదు. అమ్మ పోయిన ఏడాది నాన్న పదిరోజులు అన్నం సరిగా తినలేదు గాని, తుపాకికి నూనె రాయడం మానలేదు.

ఆయుధపూజ రోజున గెలలు కోసే ఉలులు, కొడవళ్లు, బళ్ల తాళాలు, ఊళ్లో ఉన్న పదకొండు తుపాకులూ అమ్మవారి ముందు పరుస్తారు. పూజారి దొరసామి అన్నిటికీ వేలితోనే కుంకుమ పెడతాడు, తుపాకులకు మాత్రం తమలపాకు కొసతో అద్దుతాడు. వేలు తగిలితే చట్టం తప్పినట్టు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గాని, పోలీసుల మాటా అమ్మవారి మాటా ఒకటైంది అక్కడే. బొట్టుకి ముందు తుపాకి గల ఆసామి పైకి చెప్పాలి: "తల్లీ, ఏడాది తిరిగొచ్చినాది. నా తుపాకి మనిసి నెత్తురు సూడనేదు." అప్పుడే దొరసామి ఆకు ముంచుతాడు. నాన్న ఆ మాట నలభైసార్లు చెప్పాడు.

ఇక నా సంగతి. ఊళ్లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పనిచేస్తాను. లెసెన్ తిరగరాసేటప్పుడు పెద్దవాళ్లు కళ్లు బాగున్నాయని డాక్టరు కాగితం తేవాలి. అక్షరాల అట్ట ముందు నిలబెట్టి చదివించేది నేను, సంతకం పెట్టేది డాక్టరు. నాన్న ఎడమకన్ను నీటికాసుల జబ్బుతో పూర్తిగా పోయింది. కుడికన్ను మసక. అయినా మూడేళ్లుగా ఆయన ఆ అట్ట తప్పు లేకుండా చదివేవాడు. మార్చి వచ్చిందంటే నేను వంటింట్లో కాకరకాయలు తరుగుతూ అక్షరాలు పైకి చెప్పేదాన్ని, ఆయన అరుగు మీద కూర్చుని పాటలా అప్పజెప్పేవాడు. ఇంగ్లీషు అక్షరం రాని మనిషి, ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడో! తుపాకి తీసేస్తే వారంలో ముసలాడైపోతాడని నా భయం. ప్రేమ అనుకున్నాను దాన్ని. ఇప్పుడు ఏమనాలో తెలియదు.

మొక్కలు పోయిన కబురు విని తమ్ముడు యోగేశ్వరన్ పోర్ట్ క్లాంగ్ నుంచి వచ్చాడు. అక్కడ గోదాములో సూపర్‌వైజరు. తన పేరున లెసెన్ కావాలని రెండుసార్లు అర్జీ పెడితే రెండుసార్లూ తిరిగొచ్చింది. ఊళ్లో తిరిగి చూసుకుంటే కొత్తగా ఎవరికీ ఇవ్వడం లేదని తేలింది. ఉన్న పదకొండు తుపాకులూ పదకొండుమంది ముసలాళ్ల చేతుల్లో ఉన్నాయి. వాడు ఇరవై మూడు కుటుంబాలని కూడగట్టి సంఘం పెట్టాడు. 'మా తోట, మా కాపలా' అని నారింజరంగు చొక్కాలు అచ్చువేయించాడు. చిన్నప్పుడు లెక్కల మాస్టారిని చూసి దాక్కున్న పిల్లాడు మా అరుగు మీద నిలబడి యాభైమందికి ఉపన్యాసం ఇస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉంది.

"బేంకు ముందర గార్డు ఇంత పొడుగు గన్ పట్టుకుని నిలబడతాడు. ఎవలికైనా బయముందా? మన తోటలో మనం పట్టుకుంటే బయమా? ఏటి ఇది?" అన్నాడు. "ఈ దసరాకి సంచులొద్దు. పెద్దోళ్లు పదకొండుమందీ బుజాన ఏసుకుని నడవాల. గెలలు తూసే కాడినుంచి గుడిదాకా. అందరూ సూడనీ. నలబై ఏళ్లు, ఒక్క ఏక్సిడెంట్ నేదు. అదే మన మాట."

అందరూ వెళ్లాక నేను అన్నాను: "యోగీ, బలాయోళ్లు పూజకి ఇచ్చే పెర్మిట్టు సంచిలో తీసుకెళ్లడానికిరా."

"సంచిలో ఉన్నా గన్నే, బయటున్నా గన్నే గదక్కా. నాన్న ముందు నడుస్తాడు. నాన్నని సూస్తే ఎవలు ఏటంటారు? నువ్వు మలాయిలో అర్జీ రాసీ. నీ అంత బాగా ఎవలికీ రాదు."

కొరివితో తల గోక్కోవడమని తెలుసు. అయినా పొగిడితే కరిగిపోయే జన్మ నాది. రాశాను. 'నలభై సంవత్సరాలలో మా సభ్యుల తుపాకుల వల్ల ఏ మనిషికీ హాని జరగలేదు' అన్న వాక్యం నాదే. దాన్ని రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

దసరాకి మూడు వారాలుందనగా, ఒక సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి బండి స్టాండు వేస్తున్నాను. ఇంకా వెలుతురు ఉంది. తోటలోంచి తుపాకి పేలింది. వెంటనే "అమ్మో!" అన్న కేక.

పరిగెత్తాను. కొత్త మొక్కల వరసల అవతల పాత మట్టల కుప్ప దగ్గర కూర్మమ్మత్త పడి ఉంది. ఆవిడ నాన్నకి వరసకి చెల్లెలు. మట్టల ఈనెలు గీరి చీపుళ్లు కట్టి అమ్ముకుంటుంది. ఎప్పుడూ వంగుని, నల్లచీర నెత్తిన కప్పుకుని పని చేసుకుంటుంది. పిక్కలోంచి రక్తం కారుతోంది.

"అరవకే పిల్లా. సావనేదు," అంది పళ్లు బిగించి.

నాన్న అరవై అడుగుల దూరంలో కాలవగట్టు మీద నిలబడి ఉన్నాడు. తుపాకి విరిచి, ఖాళీ గొట్టం కిందికి వంచి, తల ఒక పక్కకి పెట్టి వింటున్నాడు. "ఏటదీ? పందేనా?" అని పిలిచాడు.

నేను కూర్మమ్మత్త ముఖం చూశాను. ఆవిడ నా ముఖం చూసింది.

"పందే నాన్నా," అన్నాను. "తగల్నేదు. పారిపోనాది. ఇక్కడ కూర్మమ్మత్త ఉంది, బెదిరిపోనాది. నువ్వు ఇంటికెళ్లిపో."

ఆయన తుపాకి అలాగే వంచి పట్టుకుని గట్టు దిగి వెళ్లిపోయాడు.

కూర్మమ్మత్త వాళ్ల వంటింట్లో క్లినిక్ పటకారుతో రెండు గుళ్లు తీశాను. మూడోది లోతుగా పోయింది, నా వల్ల కాలేదు. చిన్న గుళ్లు, కోతుల కోసం ఉంచుకున్న నీలంరంగు తూటావి. పందుల కోసమైతే ఎర్రది పెట్టాలి. ఎర్రదైతే ఆవిడ కాలు ఉండేది కాదు, బహుశా ఆవిడే ఉండేది కాదు. నాన్న పందికని ఎర్రదనుకుని నీలంది పెట్టాడు. ఆయనకి రంగు కూడా తెలియలేదు. ఆయన కళ్లు కనపడక కాల్చాడు, కళ్లు కనపడకే ఆవిడ బతికింది.

"ఆస్పత్రికి పోదామత్తా," అన్నాను.

"ఆస్పత్రికెల్తే బలాయోల్లొస్తారు. అన్నని లాక్కుపోతారు. నాకు ముల్లు గుచ్చుకుంది, అంతే. ఎవలడిగినా ముల్లే." ఊళ్లో ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఆ మాట మాత్రం ఆవిడ ఎక్కడా పొక్కనీయలేదు.

యోగికి చెప్పాను. వాడు తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. "ఇప్పుడు బయటపడితే ఇరవైమూడు ఇళ్లోళ్ల పని నీళ్లల్లో కలిసిపోద్దక్కా. పూజ అయిపోనీ. తరవాత నాన్న చేత గన్ సరెండర్ చేయిద్దాం. ప్రామిస్."

"నాన్నకి సెప్పాలి గదరా."

"నాన్నకి తెలిస్తే ముందు నడుస్తాడా?"

వాడు స్వార్థంతో అన్నాడని నేను అనుకోను. పొద్దుట లేస్తే విరిగిన మొక్కలు కళ్ల ముందున్నాయి. కానీ నా మౌనంలో స్వార్థం ఉంది. మాట బయటికొస్తే ముందు అడిగేది కళ్ల కాగితం గురించే. కాగితం అంటే క్లినిక్, క్లినిక్ అంటే నేను. నా ఉద్యోగం గుర్తొచ్చాక నాన్న మీద జాలి ఇంకా ఎక్కువైంది. మనిషి మనసు అలాంటిది.

ఆ మూడు వారాలూ నాన్న తుపాకి గోడకున్న బీరువాలోంచి తియ్యలేదు. తూటాలు అయిపోయాయన్నాడు. కాదని నాకు తెలుసు, పెట్టెలో ఇంకా సగం ఉన్నాయి. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని నేను వచ్చేదాకా చూసేవాడు. "ఏటి విశేషాలు గుంటా?" అని అడిగేవాడు. నేను పెద్దదాన్నైనా ఆయనకి గుంటనే, చిన్నపిల్లనే. "ఏం లేవు నాన్నా" అనేదాన్ని. "ఏటీ నేవా?" అని మళ్లీ అడిగేవాడు. పెద్దాయన పొద్దుపోక అడుగుతున్నాడనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

ఆయుధపూజ నాటికి ఎండ మండిపోతోంది. గెలలు తూచే షెడ్డు దగ్గర నూటయాభైమంది పోగయ్యారు. పదకొండుమంది ముసలాళ్లు తెల్లపంచెలు కట్టి, నారింజరంగు చొక్కాలు తొడిగి, తుపాకులు భుజాన వేసుకుని వరసలో నిలబడ్డారు. డప్పులు మోగాయి. ఫోన్లు లేచాయి. చైనీస్ కిరాణాకొట్టు ఆయన పిల్లల్ని లోపలికి పంపి తను గుమ్మంలో నిలబడ్డాడు. పక్కింటి మలాయి ఆవిడ రోజూ నాతో ఇడ్లీపిండి పంచుకునే మనిషి, ఆ పూట కిటికీ రెక్క దగ్గరికి వేసుకుంది. మేం శాంతంగానే నడుస్తున్నాం, మమ్మల్ని చూసి మాత్రం ఊరు శాంతంగా లేదు. మోటారుసైకిళ్ల మీద ఇద్దరు పోలీసులు వెనకాలే వచ్చారు. యోగి వాళ్లకి చెయ్యి ఊపాడు. వాళ్లు ఊపలేదు.

నాన్న అందరికంటే ముందు, వీపు నిటారుగా నడిచాడు. నేను పక్కనే అడుగులో అడుగు వేస్తూ "గుంత నాన్నా", "మెట్టు నాన్నా" అని మెల్లగా చెబుతూ వచ్చాను. చూసేవాళ్లకి కూతురి ముచ్చటలా ఉండి ఉంటుంది.

గుళ్లో తుపాకులు ఎవరివి వాళ్లే అమ్మవారి ముందు పెట్టారు. వయసులో పెద్ద గనుక మొదటి మాట నాన్నది. దొరసామి తమలపాకు పట్టుకుని నిలబడ్డాడు. యోగి ఫోను పట్టుకున్న కుర్రాణ్ని ఇంకా దగ్గరికి రమ్మని సైగచేశాడు. ఆ మాట కోసమే వాడు రెండు నెలలు తిరిగింది.

"తల్లీ," అన్నాడు నాన్న. "ఏడాది తిరిగొచ్చినాది."

ఆగాడు. మరిచిపోయాడనుకుని యోగి అందించాడు: "నా తుపాకి..."

నాన్న తల తిప్పి, జనం వైపు చెవి పెట్టాడు. "కూర్మమ్మ ఒచ్చినాదా?"

"ఇక్కడే ఉన్నానన్నా," అంది కూర్మమ్మత్త, స్తంభం దగ్గర్నుంచి.

"కాలెలగుంది?"

డప్పులవాళ్లు చేతులు ఆపేశారు.

"ముల్లన్నా. తగ్గిపోనాది."

"పంది 'అమ్మో' అనదు కూర్మీ," అన్నాడు నాన్న. అంతే అన్నాడు. వంగి, తడుముకుని, తుపాకి ఎత్తి విరిచి, ఖాళీ గొట్టం అందరికీ కనపడేలా చేతి మీద వేసుకున్నాడు. దొరసామి చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. "గుంటా, బలాయికి దారి సూపించు."

యోగి అడ్డంపడ్డాడు. "నాన్నా, ఈ ఒక్క రోజు! దండం పెడతాను, ఈ ఒక్క పూట ఆగు!" అంటూ తుపాకి గొట్టం పట్టుకున్నాడు. గుమ్మంలో ఇద్దరు పోలీసులూ ఒక అడుగు ముందుకేశారు.

"సెయ్యి తియ్యి బాబూ," అన్నాడు నాన్న నెమ్మదిగా. "లెసెన్ నీ పేరున నేదు."

వాడు నిప్పు తగిలినట్టు వదిలేశాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు ఓడిపోవడం నేను అంతకుముందు చాలాసార్లు చూశాను గాని ఇలా చూడలేదు.

గుడి నుంచి బలాయి అర మైలు. పోలీసులు బళ్లు నడిపించుకుంటూ వెనక వచ్చారు. తుపాకి నేను ముట్టుకోకూడదు, అందుకని ఆయన ఎడమ మోచెయ్యి పట్టుకున్నాను. బంగారంకొట్టు ముందు గార్డు కుర్చీలోంచి లేచి, తన తుపాకి గోడవైపు తిప్పి పట్టుకుని, మాకు దారి వదిలాడు.

సగం దూరం వెళ్లాక అడిగాను: "నీకు ముందే తెలుసా నాన్నా?"

"ఆ పూటే తెలుసు. మూడు వారాలు సూసినాను, మీలో ఎవలైనా సెప్తారేమో అని."

నేలలోకి కుంగిపోవాలనిపించింది. రోజూ అరుగు మీద కూర్చుని 'ఏటీ నేవా' అని అడిగింది దానికోసం.

బలాయిలో సార్జెంట్ హమీదా పదేళ్లుగా నాన్న లెసెన్ మీద ముద్ర వేస్తున్న మనిషి. నాన్న తుపాకిని ఆమె బల్ల మీద పెట్టి, జరిగింది మలాయిలో ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ఆమె రాసుకుంటూ రాసుకుంటూ ఫైలు తిరగేసి, ఒక కాగితం దగ్గర ఆగింది.

"పాక్‌చిక్," అంది. పెద్దాయనా అని. "మార్చిలో మీ కళ్లు బాగున్నాయని డాక్టరు రాశారు. అట్ట మొత్తం చదివారట. ఎలా?"

ఆమె అడిగింది ఆయన్ని. చూసింది నన్ను. నా క్లినిక్ చొక్కా మీద క్లినిక్ పేరే ఉంది. నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా తెరిచాను.

నాన్న నాకంటే ముందు అందుకున్నాడు. "నేనే మోసం సేసినానమ్మా. వరసలో నా ముందరోల్లు సదువుతుంటే ఇని, బట్టీ పట్టినాను. మా గుంటకి తెల్దు." అని, ఎదురుగా గోడకున్న పోలీసు క్యాలెండరు వైపు మసక కన్ను నిలిపి, నిటారుగా నిలబడి అప్పజెప్పాడు: "ఈ. ఎఫ్, పి. టి, ఓ, జెడ్. ఎల్, పి, ఈ, డి..."

కాకరకాయలు తరుగుతూ నేను చెప్పిన రాగంలోనే చెప్పాడు.

హమీదా కలం ఆపి మళ్లీ నన్ను చూసింది. తనకి తెలిసిపోయిందనే అనుకుంటాను. నేను నోరు మూసుకున్నాను. అమ్మవారి ముందు ఒక్క అబద్ధం చెప్పలేక నలభై ఏళ్ల తుపాకిని వదులుకున్న మనిషి, పోలీసుల ముందు నాకోసం అబద్ధం చెబుతుంటే, నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆమె ఆయన చెప్పిందే రాసుకుంది. సంతకం ఎక్కడ పెట్టాలని ఆయన అడిగితే, వేలు పట్టుకుని చోటు చూపించాను. నేను చేసిన సాయం అదొక్కటి.

తరవాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. కేసు నడిచింది. కూర్మమ్మత్త కోర్టులో నాన్న తరఫునే మాట్లాడింది. నాన్నకి జరిమానాతో పోయింది, జైలు తప్పింది. మూడో గుండు ఇంకా ఆవిడ పిక్కలోనే ఉంది, వాన పట్టే ముందు సలుపుతుందట. సంఘం అర్జీ ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. నేను రాసిన ఆ వాక్యం మాత్రం ఏదో ఫైల్లో పడి ఉంటుంది. యోగి దీపావళికి ముందే పోర్ట్ క్లాంగ్ వెళ్లిపోయాడు. నారింజ చొక్కాలు తోటలో దిష్టిబొమ్మలకి తొడిగాం. పందులు వాటిని పట్టించుకోవు. నేను ఇంకా అదే క్లినిక్‌లో, అదే అట్ట పక్కన నిలబడుతున్నాను.

ఆ రోజు మాత్రం సాయంత్రానికి జామీను మీద నాన్నని వదిలారు. బలాయి మెట్లు దిగాం. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఆయన రెండూ వెనక్కి కట్టుకున్నాడు. నేను పొద్దుటిలాగే ఎడమపక్క నడుస్తున్నాను. ఏమైనా చెప్పాలి, క్షమించమనాలి అనుకుంటూ సగం దూరం వచ్చేశాను.

ఆయన ఆగాడు.

"ఎటున్నావు గుంటా?"

"ఇక్కడే నాన్నా. నీ పక్కనే."

"అటుపక్క నడవకు. ఎడమేపు నాకేటీ అగుపడదు. మూడేళ్లైంది." జీవితంలో మొదటిసారి ఆ మాట నాతో పైకి అన్నాడు. "కుడేపు రా. నిన్ను కాస్త సూడనీ."

నేను ఆయన వెనకనుంచి తిరిగి కుడివైపుకి వెళ్లాను. ఆయన నా ముఖం వైపు తల తిప్పాడు. నేను తల ఎత్తలేదు.